పరగడుపున పనసచెట్టు

నూకయ్య పెరట్లోని పనసచెట్టుకి కిడ్నీ రోగం వచ్చిందన్న కబురు ఊరు చుట్టి రావడానికి ఒక పూట కూడా పట్టలేదు. బయటి ఊళ్ళవాళ్ళు వింటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. కంచిలి దాటి సముద్రం వైపు వస్తే తగిలే, ఇంటింటా కిడ్నీ రోగులున్న ఈ ఉద్దానం ఊళ్ళలో, కారణం తెలియని జబ్బు ఏదైనా సరే, ముందు అనుమానం కిడ్నీ మీదికే పోతుంది. మేక నీరసంగా నడిచినా, మోటారు సరిగ్గా నీళ్ళు లాగకపోయినా జనం నోట అదే మాట. అలవాటు అలాంటిది మరి.

జూన్ మొదటి వారంలో హరిశ్చంద్రపురం వ్యాపారి ఢిల్లీశ్వరరావు ఆటో వేసుకొచ్చి, అంతకుముందు తను కొనుక్కెళ్ళిన పనసపళ్ళలో ఆరింటిని నూకయ్య వాకిట్లో దించాడు. పైన ఒక్క మచ్చ లేదు, పురుగు తొలిచిన కన్నం లేదు. కత్తి తెప్పించి ఒకదాన్ని కోసి చూపించాడు. పచ్చగా మెరవాల్సిన తొనలు తుప్పు పట్టిన మేకుల రంగులో ఉన్నాయి.

"పైకి నిగనిగలాడతన్నాది. కోత్తే ఇదీ లోపల సంగతి. ఈ రంగు సూసి నోట్లో ఎవుడెట్టుకుంతాడు నూకయ్యా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

నూకయ్యకి కోపం ముక్కు మీదే ఉంటుంది. పాతికేళ్ళు వేటకెళ్ళి సముద్రాన్నే కసురుకున్న మనిషి. పడవ మానేశాక ఇంటి వెనక పదకొండు పనసచెట్లు చూసుకుంటున్నాడు. ఆ ఆరు పళ్ళూ నూతి పక్కనున్న పెద్దచెట్టువి. అతను ఒంటికాలి మీద లేస్తాడని అందరూ అనుకున్నారు గానీ, లేవలేదు. తొనలు చేతిలోకి తీసుకుని, పెరట్లోకి వెళ్ళి నూతి గట్టు మీద కూలబడ్డాడు.

అతని భార్య లక్ష్మమ్మ మాత్రం తొనల వైపు చూడలేదు. మొగుడి పాదాల వైపు చూసింది. పొద్దుటి కంటే ఇంకాస్త ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటిదాకా పూడటం లేదు. ఉగాది నుంచీ ఆవిడ మనసులో ఉన్న భయం ఒక్కటే. ఈ మనిషి చేత ఎలాగైనా రక్తపరీక్ష చేయించాలి. చెట్టు పోతే ఇంకో చెట్టుంది. మొగుడు పోతే ఏం చెయ్యాలి? ఆ మాట పైకి అంటే చాలు, అతను చెయ్యి వెనక్కి దాచుకుంటాడు.

"ఏడుసార్లు ఇచ్చినాను," అంటాడు. "ఒకపాలి తెల్లదొరలు, ఒకపాలి కళ్ళద్దాలోలు, ఒకపాలి పెద్ద బస్సేసుకొచ్చినోలు. అందరూ సీసాల్లో పట్టుకుపోనారు. ఇదిరా నూకయ్యా నీ సంగతి అని ఒక్కడొచ్చి సెప్పినాడేటి? ఇంక సుక్క ఇవ్వను."

అంత మొండివాడు చెట్టు విషయంలో మాత్రం మర్నాడే మెత్తబడ్డాడు. "దానికేటైనాదో తెలాల," అన్నాడు. ఆ ముక్క చాలు ఎలీసబెతుకి. ఎలీసబెతు ఊరి నర్సమ్మ, ఇరవయ్యేళ్ళుగా వచ్చిన ప్రతి రక్తపరీక్షల బృందానికీ ముందుండి జనాన్ని పోగేసిన మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవడం, మిగతా ఆరు రోజులూ సూది ఎత్తుకోవడం ఆవిడ పని. ఎవరెవరికో ఫోన్లు చేసి, మొక్కల రోగాలు చూసే పరిశోధన కేంద్రం నుంచి జ్యోత్స్న అనే అమ్మాయి గురువారం పొద్దున్న వస్తుందని కబురు పట్టుకొచ్చింది.

రోగం కనుక్కునేవాళ్ళు వస్తే ఎలా ఎదుర్కోవాలో ఈ ఊరికి ఒకరు నేర్పక్కర్లేదు. బుధవారం సాయంత్రానికి నూకయ్య పెరట్లో షామియానా లేచింది. కుర్చీలు వచ్చాయి. లక్ష్మమ్మ తమ్ముడు బైరాగి అట్టముక్కల మీద ఒకటి నుంచి పదకొండు దాకా టోకెన్లు రాసి చెట్లకి కట్టాడు. మంగళవారం నుంచే చెట్లకి నీళ్ళు ఆపేశారు. పరీక్ష పరగడుపున చెయ్యాలి కదా. ఏదో ఆకతాయి మేఘం బుధవారం మధ్యాహ్నం నాలుగు చినుకులు రాల్చబోతే బైరాగి టార్పాలిన్ పట్టుకుని చెట్ల మొదళ్ళకి అడ్డం పరిగెత్తాడు.

గురువారం జ్యోత్స్న జీపు దిగి, వాడిపోయిన చెట్లనీ వాటి మెడలో టోకెన్లనీ చూసి నిలబడిపోయింది.

"వీటికి నీళ్ళెందుకు పెట్టలేదండీ?"

"పరగడుపునున్నాయి మేడం," అన్నాడు బైరాగి గర్వంగా. "ఇంక మీదే ఆలిస్యం."

జ్యోత్స్న విజయనగరం అమ్మాయి, ఈ ఊళ్ళకి కొత్త. నవ్వాలో వద్దో తెలియక పెదవి కొరుక్కుంది. అది చూసి, ఈ పిల్లా పరగడుపునే వచ్చిందేమోనని లక్ష్మమ్మకి జాలేసింది. ఆవిడ కూడా పొద్దున్నుంచీ పచ్చి గంగ ముట్టలేదు. చెట్టు ఉపవాసం ఉంటే తను చద్దన్నం తింటే ఏం బాగుంటుందని.

ఎలీసబెతు రిజిస్టరు తెరిచింది. ఆవిడ దగ్గరున్నది రక్తపరీక్షల రిజిస్టరే, అందులో గడి ఖాళీగా వదిలితే పైవాళ్ళు తిడతారు. పేరు: పనస. తండ్రి పేరు దగ్గర ఆగింది. గింజ సోంపేట సంతలో కొన్నదని నూకయ్య చెబితే సోంపేట అని రాసింది. వయసు నలభై ఒకటి. తర్వాత గడి బీపీ. పట్టీ పెద్దకొమ్మకి చాలలేదు. చిన్నకొమ్మకి చుట్టి గాలి కొట్టింది. కాసేపు అందరూ ఊపిరి బిగబట్టారు. ముల్లు కదల్లేదు. ఆవిడ నిట్టూర్చి "సహకరించలేదు" అని రాసుకుంది.

"బీపీ అక్కర్లేదండీ. ముగ్గిన పండు ఒకటి కోసి, తొనల్లోంచి ముక్క తీసుకెళ్తాను, అంతే," అంది జ్యోత్స్న.

అప్పటిదాకా ఊరుకున్న నూకయ్య అప్పుడు లేచాడు. చెట్టుకీ ఆ అమ్మాయికీ మధ్య నిలబడ్డాడు.

"పట్టుకెల్లు. కాదన్ను. గానీ ముందు కాయితం మీద సంతకం ఎట్టాల. ఏటైనాదో నువ్వే ఒచ్చి, ఈ గట్టు మీద కూకుని, మా అందరికీ సదివి సెప్పాల. ఫోన్లో కాదు. ఇంకొకల్ని అంపడం కాదు."

"పన్నెండు రోజుల్లో వస్తాను."

"రాసీ."

ఎలీసబెతు అంగీకారపత్రం తీసింది. అదీ మనుషులదే. కింద జ్యోత్స్న సంతకం పెట్టింది. పక్కన రోగి సంతకం లేదా వేలిముద్ర అని ఉంది. దాని ముందు ఊరు ఊరంతా ఆలోచనలో పడింది. నూకయ్య పెడితే చెల్లదని ఎలీసబెతు, రోగి రోగే, యజమాని యజమానే అని. చివరికి బైరాగి ఒక లేత ఆకు కోసి, సిరాపెట్టెలో ముంచి, కాగితం మీద అద్దాడు. ఈనెలన్నీ చక్కగా పడ్డాయి. కింద ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు.

జ్యోత్స్న నూతి పక్క చెట్టు పండు కోసి, తుప్పు రంగు ముక్కలు చిన్న డబ్బాలో వేసుకుంది. తర్వాత టోకెన్ నంబరు నాలుగు చెట్టు దగ్గరికెళ్ళి, దాని పండు కూడా కోసింది. లోపల తొనలు పచ్చగా, శుభ్రంగా ఉన్నాయి. అందులోంచీ ముక్క తీసుకుంది.

"దానికేటీ నేదు గదమ్మా?" అన్నాడు నూకయ్య.

"లేదనే తీసుకుంటున్నాను. పోలికకి ఒక మంచి చెట్టు ఉండాలి. అది పక్కన పెట్టి చూస్తేనే రోగం ఉన్నది ఎలా ఉందో తేలుతుంది."

ఈ మాట నూకయ్యకి బాగా నచ్చింది. ఆ తర్వాత పన్నెండు రోజులూ కనబడినవాళ్ళందరికీ అదే చెప్పాడు. మనకి ఏడుసార్లు రక్తం తీసిన పెద్దమనుషులు ఎప్పుడైనా పోలికకి ఇంకొకర్ని పక్కన పెట్టారా అని అడిగాడు. పెట్టే ఉంటారు, పాపం, అతనికి చెప్పి ఉండరు.

చెట్లకి నీళ్ళు పెట్టాక అవి తేరుకున్నాయి. లక్ష్మమ్మ మాత్రం రాత్రింబగళ్ళు ఆ పాదాల్నే చూస్తూ తిరిగింది. ఉప్పు తగ్గించి వండితే కంచం తోసేశాడు. పలాస కిడ్నీ ఆస్పత్రికి వెళ్దాం మావా అని బతిమాలితే చెవిన పెట్టలేదు. "నీకు సెట్టు మీదున్న దయ నా మీద నేదు," అని ఒకసారి ఏడ్చింది కూడా. అతను లేచి చెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడకి నిజంగానే కడుపు మండిపోయింది.

పన్నెండో రోజు పొద్దున్న తొమ్మిదింటికి జ్యోత్స్న జీపు వచ్చి ఆగింది. నిజంగా వచ్చింది! ఊళ్ళో సగం మంది పందెం ఓడిపోయారు. ఆ అమ్మాయి గట్టు మీద కూర్చుని, కాగితం తీసి, నింపాదిగా చదివింది. ఇది బ్యాక్టీరియా, అంటే కంటికి కనబడని పురుగు లాంటిది. పేరు చెప్పింది, ఎవరికీ నోరు తిరగలేదు. ఈ చుట్టుపక్కల ఇంతకుముందు తాము చూడలేదంది. పూత మీద ఉన్నప్పుడే లోపలికి దూరుతుంది, ఈగలూ చీమలూ మోసుకొస్తాయేమోనని అనుమానం. పైకి ఏమీ కనబడదు, పండు ముగ్గి కోస్తేనే తెలుస్తుంది. వచ్చే ఏడు పూతకే సంచులు తొడగాలి, చెడ్డ పళ్ళు తోటలో పడెయ్యకుండా గొయ్యి తీసి పూడ్చాలి.

"చెట్టు కొట్టక్కర్లేదు. నీళ్ళ వల్ల రాలేదు. మీ తప్పు కూడా ఏమీ లేదు," అని ముగించింది. నాలుగో నంబరు చెట్టు నిక్షేపంలా ఉందని కూడా చెప్పింది.

నూకయ్య సంతోషిస్తాడని లక్ష్మమ్మ అనుకుంది. అతని మొహం నల్లబడిపోయింది.

"పన్నెండు రోజులు," అన్నాడు మెల్లగా. "సెట్టు ఒక్కపాలి ఇచ్చినాది. పన్నెండు రోజుల్లో పేరు తెలిసింది, ఎలాగొచ్చిందో తెలిసింది, తప్పెవుడిదో తెలిసింది. మాం ఇరవయ్యేల్లుగా ఇత్తన్నాం."

అందరి కడుపులోనూ అదే మంట. చెట్టు మీద అసూయ పడ్డ ఊరు ఇంకోటి ఉంటుందా? ముందుగా బైరాగి తేరుకున్నాడు. "మేడం, నన్నూ మీ సెట్లల్లో రాసీయండి. జీడిమామిడని రాసినా పరవానేదు," అన్నాడు. వెనక నుంచి ఒక ముసలమ్మ తనని కొబ్బరికింద రాయమంది. అప్పుడు మొదలయింది తోపులాట. చెట్ల టోకెన్లు విప్పి తమ మెడలకి కట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

"నేను మనుషుల డాక్టర్ని కానండీ," అని జ్యోత్స్న తల పట్టుకుంది.

"అందుకే నువ్వే కావాల," అన్నాడు నూకయ్య. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎలీసబెతు ముందు కుర్చీలో కూర్చున్నాడు.

లక్ష్మమ్మ ఆ చెయ్యినే చూసింది. మూడు నెలలుగా ఏ దేవుడికి మొక్కినా కదలని చెయ్యి అది.

"గానీ పద్దతి అదే," అన్నాడు. "అదే కాయితం. ఏటైనాదో ఈ అమ్మే ఒచ్చి సదవాల. ఇంకోటి, పోలిక్కి ఒకలుండాల."

ఎలీసబెతు జ్యోత్స్న చెవిలో ఏదో చెప్పింది. రక్తం తను తీసి పలాస పంపిస్తుంది, కాగితం తను తెస్తుంది, వచ్చి చదవడం ఒక్కటే ఆ అమ్మాయి పని. జ్యోత్స్న నూకయ్య పాదాల వంక చూసి, సరేనని తలూపింది.

"పోలికకి ఎవరు?" అని అడిగింది ఎలీసబెతు.

నూకయ్య ఆలోచించను కూడా లేదు. "మా లచ్చిమి. ఇరవయ్యేల్లలో దీనికి జొరం రాగా సూల్లేదు నాను. నాలుగో నంబరు సెట్టే."

నిజమే. లక్ష్మమ్మ ఎప్పుడూ పడుకున్న మనిషి కాదు. ఊరికి రక్తపరీక్షల బృందం వచ్చిన ప్రతిసారీ వాళ్ళకి ఉప్మా వండేది, నీళ్ళు మోసేది ఆవిడే. అందరి చేతుల్లోంచీ రక్తం తీసేవారు, ఆవిడ చేతిలో గరిటె ఉండేది. నడుం నొప్పి ఉంటే ఉంది, ఎవరికి లేదు? కొట్లో బిళ్ళ తెచ్చి మింగితే సాయంత్రానికి సర్దుకుంటుంది.

"నా రగతం దేనికి మావా, వృథాగా," అంటూనే ఆవిడ చెయ్యి చాపింది. మొగుడు మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో ముందు తనదే తియ్యమని తొందరపెట్టింది. సూది దిగుతున్నప్పుడు కూడా అతని వైపే చూస్తోంది. రిజిస్టరులో ఎలీసబెతు ఆవిడ పేరు పక్కన "పోలికకి" అని రాసింది.

తొమ్మిదో రోజు జ్యోత్స్న మళ్ళీ వచ్చింది. మళ్ళీ షామియానా, పెరడంతా జనం. లక్ష్మమ్మ పొద్దున్నే గంగమ్మకి ముడుపు కట్టి వచ్చింది. ఏ అంకె వచ్చినా ఏడవకూడదని నిర్ణయించుకుని, గట్టు మీద మొగుడి పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"నూకయ్య గారు. క్రియాటినిన్ ఒకటీ పాయింటు ఒకటి. కిడ్నీలు బాగున్నాయి. కాళ్ళ వాపు ఇంకో కారణం వల్ల, నరాలకో గుండెకో చూపించుకోవాలని డాక్టరు గారు రాశారు. ఇది మాత్రం కాదు."

ఏడవకూడదన్న నిర్ణయం ఎక్కడికి పోయిందో, లక్ష్మమ్మ భోరుమంది. ముసలమ్మలు ఆవిడ వీపు రాశారు. బైరాగి బావ భుజం చరిచాడు. నూకయ్య ఏదో గొప్ప పని చేసినవాడిలా మీసం దువ్వుకున్నాడు.

జ్యోత్స్న రెండో కాగితం తియ్యలేదు. ఎలీసబెతు వైపు చూసింది. ఎలీసబెతు రిజిస్టరులోకి చూస్తోంది.

"పోలికది కూడా సదివీ అమ్మా," అన్నాడు నూకయ్య. "పద్దతి పద్దతే."

"లక్ష్మమ్మ గారు," అంది జ్యోత్స్న. "ఐదూ పాయింటు ఎనిమిది."

ఈ ఊళ్ళో అంకెల అర్థం ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ఐదు దాటిందంటే డయాలిసిస్‌కి పలాస దారి పట్టాలి.

"పేర్లు మారిపోనాయి," అన్నాడు నూకయ్య.

"మారలేదు బాబూ," అంది ఎలీసబెతు. "నాను మూడుపాలి సూసినాను. అంపే ముందు ఒకపాలి, ఒచ్చినాక రెండుపాలి."

లక్ష్మమ్మకి మొదట కోపమే వచ్చింది. తప్పు చేస్తూ పట్టుబడిన మనిషిలా అందరి వంకా చూసింది. "నాను పోలిక్కి గదమ్మా ఇచ్చినాను," అంది జ్యోత్స్నతో. "నాది ఎందుకు సూసినారు?"

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా సంతకం పెట్టిన మనిషి కాబట్టి గట్టు మీంచి లేవలేదు. చెప్పాల్సినవి చెప్పింది. రేపే ఆస్పత్రికి వెళ్ళాలి, కొట్లో బిళ్ళలు మానెయ్యాలి, మీ తప్పు ఏమీ లేదు.

"ఎందుకొచ్చింది?" అని అడిగింది లక్ష్మమ్మ.

"తెలియదమ్మా. ఎవరికీ ఇంకా సరిగ్గా తెలియదు."

నూకయ్య లేచాడు. ఆ ఉబ్బిన కాళ్ళతోనే లేచి, మనుషుల్ని తోసుకుంటూ షామియానా మధ్యలోకి వచ్చాడు. "పోలిక తప్పు. మంచి సెట్టనుకుని తప్పు సెట్టు తీసినాం. మల్లీ సేద్దాం. ఇదీ నానూ ఒకపక్క, పోలిక్కి బాగున్నోలు ఒకలు ఇంకోపక్క. బైరాగీ, నువ్వు రా."

మొన్న జీడిమామిడి కింద రాయమని గోల పెట్టిన బైరాగి, అక్కవైపు ఒకసారి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. "నన్నొగ్గీ బావా," అన్నాడు.

"నువ్వు రామ్మా. నువ్వో? ఒంట్లో ఏటీ నేదని నమ్మకమున్నోలు ఒక్కలు రండి సాలు."

ఎవరూ రాలేదు. ఇవాళ కూడా మెడల్లో టోకెన్లు కట్టుకుని వచ్చినవాళ్ళు వాటిని మెల్లగా విప్పుకున్నారు. నూకయ్య పెరట్లోంచి వీధిలోకి వెళ్ళాడు. గట్టు మీద కూర్చున్న లక్ష్మమ్మకి ఒక్కో ఇంటి ముందూ అతను ఆగి, బాగున్నోలు ఎవరైనా ఉన్నారా, పోలిక్కి కావాల అని అడగడం వినబడుతూనే ఉంది. వీధి ఈ చివర మొదలుపెట్టి, రేవు వైపు ఉన్న ఆఖరి ఇంటిదాకా అడుగుతూ వెళ్ళాడు. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు అతనికి మంచినీళ్ళు ఇస్తామన్నారు, కూర్చోమన్నారు, ఎండగా ఉంది ఇంటికెళ్ళమన్నారు.